రు.60 వేల కంప్యూటర్‌కు రు.600 డబ్బా!

కరెంటు పెట్టె ఎంపికలో అశ్రద్ధ - కాలిపోతున్న ఖరీదైన కార్డులు

నరసరావుపేట: మిరప అమ్మిన ఇంట్లోకి ఇదివరకు మోటారు సైకిలో, ఫ్రిజ్జో వచ్చేది. ఇప్పుడు పల్నాడు పల్లెల్లో కొన్ని ఇళ్లకు ఆటల కంప్యూటర్ కూడా వస్తోంది. కాలేజీ పిల్లలు తయారుగా ఉన్నది కొనడం లేదు. విడిభాగాలు తెప్పించుకుని ఇంట్లోనే బిగించుకుంటున్నారు. ఏ ప్రాసెసర్ మంచిది, ఏ గ్రాఫిక్స్ కార్డుకు బొమ్మ ఎంత జోరుగా కదులుతుంది అనే లెక్కలు వాళ్లకు నోటికి వచ్చు. అయితే వీటన్నిటికీ కరెంటు పంచిపెట్టే పెట్టె దగ్గరికి వచ్చేసరికి మాత్రం "ఏదో ఒకటి వెయ్యండి" అంటున్నారు. దుకాణదారుడు ఏదో ఒకటే వేస్తున్నాడు.

ఆ పెట్టెను మెకానిక్కులు ఎస్.ఎం.పి.ఎస్. అంటారు. కంప్యూటర్ డబ్బా వెనక, ప్లగ్గు వైరు గుచ్చే చోట ఫ్యానుతో ఉండే ఇనుప పెట్టె అదే. దానివల్ల ఆట వేగం రవ్వంత కూడా పెరగదు. అందుకే దానిమీద ఎవరికీ మోజు లేదు. కానీ అది చెడిపోయేటప్పుడు తాను ఒక్కటే పోదు, పక్కవాళ్లను కూడా వెంటబెట్టుకు పోతుంది.

మోటారైతే వైండింగ్ కట్టిస్తాం...

మాచర్ల వైపు ఒక గ్రామంలో నాలుగెకరాల మిరప రైతు ఇంట్లో జరిగింది ఇదే. టిక్కీలు అమ్మిన డబ్బులో రు.60 వేలు కొడుకు చేతిలో పెట్టాడు ఆ రైతు. కొడుకు ఇంజినీరింగ్ రెండో సంవత్సరం. చదువుకూ పనికొస్తుంది, ఆటకూ పనికొస్తుందని తండ్రిని ఒప్పించాడు. గ్రాఫిక్స్ కార్డు ఒక్కదానికే దాదాపు సగం డబ్బు అయింది. ప్రాసెసర్, మదర్‌బోర్డు, మెమరీ, డిస్క్ కొనేసరికి మిగిలింది అంతంతమాత్రం. రంగు దీపాల అద్దాల క్యాబినెట్ కొంటే దాంతోపాటు "500 వాట్ల" కరెంటు పెట్టె రు.600కే ఇస్తామని దుకాణంలో చెప్పారు. గొప్ప బేరం అనుకున్నాడు కుర్రవాడు.

ఇంటికొచ్చి బిగిస్తే ఆ పెట్టెకు గ్రాఫిక్స్ కార్డులో గుచ్చే వైరే లేదు. దుకాణానికి ఫోను చేస్తే కన్వర్టర్ వైరు వేసుకోమన్నారు. వేసుకున్నాడు. రెండు నెలలు బాగానే నడిచింది. మే నెలలో ఒకనాటి సాయంత్రం, ఊరంతా కూలర్లు వేసుకునే వేళ, ఆట మంచి జోరు మీద ఉండగా "టప్" మని శబ్దం, వెంటనే కాలిన వాసన. మెయిన్ కట్టేసి చూస్తే కన్వర్టర్ వైరు మూతి కరిగి కార్డుకు అంటుకుపోయి ఉంది.

"ఒరే, మోటారు కాలితే వైండింగ్ కట్టిస్తాం గదా. దీనికి వైండింగ్ ఉండదా?" అని తండ్రి అడిగాడు.

"ఉండదు నాన్నా. కార్డే మార్చాలంట" అన్నాడు కొడుకు. బోర్డు కూడా పోయిందన్న సంగతి ఆ రోజు చెప్పలేదు. రెండు రోజుల తర్వాత తల్లితో చెప్పించాడు.

నరసరావుపేటలో దాన్ని విప్పి చూసిన మెకానిక్ కార్డు వంక చూడలేదు. ముందు కరెంటు పెట్టె పక్కనున్న కాగితం చూశాడు. "తమ్ముడూ, నువ్వు పైనున్న 500 చదివావు. కింద గళ్లు చదవలేదు" అన్నాడు. ఆ గళ్లలో 12 వోల్టుల కింద 16 ఆంపియర్లని ఉంది. పన్నెండు పదహారులు 192. అంటే ఆ పెట్టె అసలు పనికి ఇవ్వగలిగింది 192 వాట్లు. ఆ కంప్యూటర్ ఆట మధ్యలో అడిగేది 250కి పైమాటే.

లోపల ఏం జరుగుతుంది?

పాత రేడియోలకు బ్యాటరీ ఎలిమినేటర్ వాడిన ఇళ్లకు ఈ సంగతి సులువుగానే అర్థమవుతుంది. గోడ ప్లగ్గులో వచ్చే 230 వోల్టుల కరెంటు రేడియోకు నేరుగా ఇస్తే మాడిపోతుంది. ఎలిమినేటర్ దాన్ని తగ్గించి, బ్యాటరీ కరెంటులా మార్చి ఇస్తుంది. కంప్యూటర్ పెట్టె చేసే పనీ అదే. 12 వోల్టులు, 5 వోల్టులు, 3.3 వోల్టులు అని మూడు రకాలుగా కరెంటు ఇస్తుంది. ఎలిమినేటర్‌లో బరువైన ఇనుప ట్రాన్స్‌ఫార్మర్ ఉండేది. ఇందులో మాత్రం కరెంటును సెకనుకు వేల, లక్షల సార్లు వేసి ఆపుతూ చిన్న ట్రాన్స్‌ఫార్మర్‌తోనే పెద్ద పని చేయిస్తారు. ఆ వేయడం, ఆపడం వల్లనే దానికి స్విచ్ మోడ్ అనే పేరు వచ్చింది. ఇప్పుడు వాడే పెట్టెల కొలతలు, వైర్ల అమరిక 1995లో ఇంటెల్ కంపెనీ పెట్టిన ఏ.టి.ఎక్స్. అనే పద్ధతి నుంచి వచ్చినవే.

ఈ రోజుల్లో ప్రాసెసర్‌కూ, గ్రాఫిక్స్ కార్డుకూ పోయేది దాదాపు అంతా 12 వోల్టుల కరెంటే. 5, 3.3 వోల్టుల మీద ఆధారపడేవి చిన్నచిన్నవి. చవక పెట్టెల వాళ్లు ఈ మూడింటినీ, ఇంకా ఎక్కడా పనికిరాని వాటినీ కలిపి కూడి పైన పెద్ద అంకె వేస్తారు. కూడినా ఆ అంకె రాని పెట్టెలు కూడా ఉన్నాయి. కాబట్టి కొనేవారు పైన ఉన్న అంకెను నమ్మకుండా, 12 వోల్టుల గడిలో ఉన్న ఆంపియర్లను 12తో హెచ్చవేసి చూసుకోవాలి. నిజాయితీ గల 550 వాట్ల పెట్టెకు ఆ గడిలో 45 ఆంపియర్లకు అటూ ఇటూ ఉంటుంది. పన్నెండు నలభై అయిదులు 540. పై అంకెకూ, ఈ లెక్కకూ పెద్ద తేడా లేకపోతే లేబుల్ వరకు నిజం చెప్పినట్లే. గళ్లే లేని పెట్టెను ముట్టుకోవద్దు.

చవక పెట్టెలో లోపించేది బలం ఒక్కటే కాదు. కాపలా కూడా ఉండదు. మంచి పెట్టెలో భారం మించినా, వోల్టేజి పెరిగినా, తగ్గినా, వైర్లు ఒకదానికొకటి తగిలినా, వేడి ఎక్కువైనా తనంతట తాను ఆగిపోయే ఏర్పాట్లు ఉంటాయి. మోటారుకు స్టార్టర్‌లో ఉండే ఓవర్‌లోడ్ రిలే లాంటివి ఇవి. స్టార్టర్ తీసేసి మోటారును నేరుగా లైనుకు తగిలించే రైతు ఎవరూ లేరు. రు.60 వేల కంప్యూటర్‌కు మాత్రం అదే చేస్తున్నారు.

ఎన్ని వాట్లు కావాలి?

ఇక్కడ రెండు రకాల తప్పులు జరుగుతున్నాయి. కొందరు తక్కువ వేసి కాల్చుకుంటున్నారు. మరికొందరు భయపడి 1000 వాట్ల పెట్టె కొని డబ్బు వృథా చేస్తున్నారు.

లెక్క కష్టమేమీ కాదు. ఎక్కువమంది కుర్రాళ్లు కొనే ఆర్.టి.ఎక్స్. 4060 కార్డుకు కంపెనీ చెప్పిన గరిష్ఠ వాడకం 115 వాట్లు. తర్వాత వచ్చిన 5060కి 145 వాట్లు. ఇంటెల్ ఐ5 12400ఎఫ్ ప్రాసెసర్ పూర్తి వేగం మీద 117 వాట్ల దాకా తీసుకుంటుంది. బోర్డు, మెమరీ, డిస్కులు, ఫ్యాన్లు అన్నీ కలిపి ఒక 50, 60 వాట్లు వేసుకోవచ్చు. మొత్తం 300 లోపు, లేదా కాస్త పైన. ఈ రెండు కార్డులకూ తయారీ కంపెనీయే 550 వాట్ల పెట్టె పెట్టమంటోంది. 250 వాట్లు తీసుకునే 5070 కార్డుకు 650 అంటోంది. 575 వాట్లు మింగే 5090 కార్డుకు 1000 వాట్లు కావాలి. అయితే ఆ కార్డు కొనగలిగిన ఇంటికి ఈ వ్యాసంతో పని ఉండదు.

మూడొందల వాట్ల పనికి 550 ఎందుకన్న సందేహం పెద్దవాళ్లకు రావడం సహజం. మోటారు వేసిన క్షణంలో మామూలు కంటే అయిదారు రెట్లు కరెంటు లాగడం రైతులకు తెలిసిన విషయమే. గ్రాఫిక్స్ కార్డుకు కూడా ఆ గుణం ఉంది. ఆటలో ఒక్కసారిగా పేలుడో, మంటో వచ్చినప్పుడు కంటికి కనిపించనంత స్వల్పకాలం తన గరిష్ఠాన్ని దాటి లాగుతుంది. 2020లో వచ్చిన పెద్ద కార్డులతో ఈ బాధ బాగా ఎక్కువైంది. పెట్టె చాలినంతదే అయినా ఆట మధ్యలో కంప్యూటర్ ఆగిపోయేది. దాంతో 2022లో ఏ.టి.ఎక్స్. 3.0 అనే కొత్త నిబంధన వచ్చింది. సెకనులో పదివేలవ వంతు కాలం పాటు రెట్టింపు భారాన్ని తట్టుకోవాలని అందులో పెట్టారు. ఇప్పుడు కొనేవారు 3.0 లేదా 3.1 అని రాసి ఉన్నది తీసుకుంటే మేలు. ఇక రెండో కారణం వేడి. సగం భారం మీద నడిచే పెట్టె చల్లగా, చప్పుడు లేకుండా నడుస్తుంది. నిండా మోసే ఎద్దు తొందరగా అలిసిపోతుంది.

పెద్ద పెట్టె పెడితే కరెంటు బిల్లు పెరుగుతుందని ఊళ్లలో ఒక అపోహ ఉంది. అది నిజం కాదు. 25 కె.వి.ఎ. ట్రాన్స్‌ఫార్మర్ కింద ఒక్క బల్బు వేసుకుంటే బల్బు బిల్లే వస్తుంది గాని ట్రాన్స్‌ఫార్మర్ బిల్లు రాదు. ఇదీ అంతే. కంప్యూటర్ ఎంత అడిగితే అంతే లాగుతుంది.

బంగారు బిళ్ల సంగతి

పెట్టెల మీద 80 ప్లస్ అని, దాని కింద బ్రాంజ్, గోల్డ్, ప్లాటినం అని బిళ్లలు కనిపిస్తాయి. 2004లో అమెరికాలో మొదలైన పరీక్ష ఇది. గోడ నుంచి తీసుకున్న కరెంటులో ఎంత పనికి వెళుతోంది, ఎంత వేడిగా పోతోంది అని చూస్తారు. అయిదో వంతు, సగం, పూర్తి భారాల మీద కనీసం 80 శాతం పనికి వెళ్తే మామూలు బిళ్ల ఇస్తారు. అమెరికా తరహా 115 వోల్టుల పరీక్షలో సగం భారం మీద బ్రాంజ్‌కు 85, గోల్డ్‌కు 90 శాతం రావాలి. మన 230 వోల్టుల మీద ఇంకాస్త మెరుగ్గానే ఉంటుంది.

గోల్డ్ కొంటే కరెంటు ఆదా అవుతుందని దుకాణాల్లో ఊరిస్తారు. లెక్క వేసి చూస్తే అదేమంత కాదు. 300 వాట్ల పనికి 80 శాతం పెట్టె 375 వాట్లు తీసుకుంటుంది. 90 శాతం పెట్టె 333 తీసుకుంటుంది. తేడా 42 వాట్లు. రోజుకు నాలుగు గంటలు ఆడినా ఏడాదికి 61 యూనిట్లు. యూనిట్ ఆరు రూపాయలనుకుంటే ఏడాదికి రు.366. దీనికోసమే రెండు మూడు వేలు ఎక్కువ పెట్టడం రైతు ఇంటికి గిట్టుబాటు కాదు. అయితే గోల్డ్ పెట్టెల్లో సాధారణంగా విడిభాగాలు మంచివి వేస్తారు, గ్యారంటీ కూడా ఎక్కువ ఏళ్లు ఇస్తారు. డబ్బుకు వెసులుబాటు ఉంటే తీసుకోవచ్చు. లేకపోతే పేరున్న కంపెనీ బ్రాంజ్ చాలు.

ఒకటి గమనించాలి. ఈ బిళ్ల పొదుపును మాత్రమే చెబుతుంది. ఓవర్‌లోడ్‌లో పెట్టె ఆగుతుందా, ఎన్నేళ్లు నిలుస్తుంది అనేవి దాని పరీక్షలో లేవు. పైగా పసుపు రంగు స్టిక్కరు అచ్చు వేయడం ఎవరికైనా పావలా ఖర్చే. 80 ప్లస్ వాళ్ల జాబితాలో ఆ మోడల్ నంబరు ఉందో లేదో ఇంట్లో పిల్లలు ఫోనులో చూసి చెప్పగలరు. అలాగే మన దేశంలో బి.ఐ.ఎస్. రిజిస్ట్రేషన్ ముద్ర, దాని పక్కన ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉన్నాయా అని చూడాలి.

బస్తీ కరెంటు వేరు, పల్లె కరెంటు వేరు

పెట్టెల గురించి సలహాలు చెప్పే వాళ్లంతా పట్నాల వాళ్లు. వాళ్లింట్లో ఎప్పుడూ 230 వోల్టులే. పల్లెలో సాయంత్రం అయ్యేసరికి ట్యూబులైటు వెలగనా మాననా అని కొట్టుకుంటుంది. లైను చివరి ఇళ్లలో 180 వోల్టుల కింద కూడా పడుతుంది. ఈ తేడాను లెక్కలోకి తీసుకోకుండా కొంటే ఎంత ఖరీదైన పెట్టె అయినా ఇబ్బందే.

లేబుల్ మీద ఇన్‌పుట్ అనే చోట 100-240 అని ఉంటే ఆ పెట్టె లోవోల్టేజికి తట్టుకుంటుంది. 200-240 అని ఉంటే సాయంత్రం పూట మొరాయించవచ్చు. మొదటి రకంలో యాక్టివ్ పి.ఎఫ్.సి. అనే ఏర్పాటు ఉంటుంది. పల్లెలో కొనేవారు అడిగి తీసుకోవలసింది ముందుగా ఇదే. బంగారు బిళ్ల తర్వాత. కొన్ని పాత, చవక పెట్టెల వెనక చిన్న ఎర్ర స్విచ్చి ఉండి 115, 230 అని కనిపిస్తుంది. పిల్లలు ఆటగా దాన్ని 115 వైపు తోసి ప్లగ్గు పెడితే ఆ క్షణమే పేలిపోతుంది. అలాంటిది ఇంట్లో ఉంటే 230 మీద ఉంచి టేపు వేసి అంటించడం మంచిది.

తక్కువ వోల్టేజికి మందు ఉంది గాని ఎక్కువ వోల్టేజికి పెట్టెలో మందు లేదు. స్తంభం మీద న్యూట్రల్ తెగిపోయి ఒక వీధిలో టీవీలు, ఫ్యాన్లు వరుసగా కాలిపోయిన సంఘటనలు చాలా ఊళ్లకు అనుభవమే. అప్పుడు ఇంట్లోకి 400 వోల్టుల దాకా రావచ్చు. పెట్టె లోపలి పెద్ద కెపాసిటర్లు 400, 450 వోల్టుల డి.సి.కి తయారైనవి. మామూలు 230 వోల్టులే లోపలికి వచ్చి డి.సి.గా మారేసరికి 325 అవుతుంది. ఇక 400 వస్తే 560 పైన. తట్టుకునే అవకాశం లేదు. ఇందుకు వోల్టేజి హద్దు దాటగానే సరఫరా ఆపే కటాఫ్ పరికరం మెయిన్ దగ్గర పెట్టించుకోవాలి. టీవీ, ఫ్రిజ్, ఇంటి మోటారు అన్నీ దాని చాటున బతుకుతాయి కాబట్టి ఖర్చు ఒక్క కంప్యూటర్ మీద వేసుకోనక్కర్లేదు.

ఇన్వర్టర్ ఉంది గదా అని ధీమాగా ఉన్నవాళ్లు కూడా ఉన్నారు. ఊళ్లలో చాలా ఇళ్లలో ఉన్నవి చవక రకం స్క్వేర్‌వేవ్ ఇన్వర్టర్లు. వాటి మీద ఫ్యాను గుర్రుమని మూలుగుతుంది. యాక్టివ్ పి.ఎఫ్.సి. ఉన్న పెట్టెకు ఆ కరెంటు సరిపడదు. కొన్ని ఆగిపోతాయి, కొన్ని బుస్సుమంటాయి. సైన్‌వేవ్ రకమైతే ఇబ్బంది లేదు. కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునేలోగా కంప్యూటర్ ఆగిపోకుండా ఉండాలంటే దాని మీదున్న మీటను యు.పి.ఎస్. వైపు పెట్టుకోవాలి. మంచి పెట్టె సరఫరా తెగినా సెకనులో అరవయ్యో వంతు కాలం ఓర్చుకుంటుంది. అంతకు మించి ఆలస్యమైతే ఆట పోతుంది, రాసుకున్న చదువూ పోతుంది. బజారులో దొరికే చిన్న 600 వి.ఎ. యు.పి.ఎస్. సాధారణంగా 360 వాట్లే ఇస్తుంది. 600 చూసి మోసపోరాదు. కంప్యూటర్ తెర కూడా అందులోంచే లాగుతుందని మరువరాదు.

ఎర్తు లేకుంటే ప్రాణం మీదికే

డబ్బు నష్టం ఒక ఎత్తు. ఇది మరో ఎత్తు. కంప్యూటర్ డబ్బాను చేత్తో తాకితే జిల్లుమంటోందని చాలామంది పిల్లలు చెబుతారు. పెద్దవాళ్లు పట్టించుకోరు. పెట్టెలో వడపోత కోసం పెట్టిన చిన్న కెపాసిటర్లు కొద్దిపాటి కరెంటును ఇనుప డబ్బాకు పంపుతుంటాయి. అది ఎర్తు తీగ ద్వారా భూమిలోకి పోవాలి. ఎర్తు లేకపోతే డబ్బా మీదే నిలిచి, సుమారు సగం వోల్టేజి చూపుతుంది. టెస్టర్ పెడితే వెలుగుతుంది. ఆ జిల్లు వరకైతే కరెంటు స్వల్పమే. కానీ అది ఎర్తు లేదని చెప్పే హెచ్చరిక. రేపు ఎప్పుడైనా లోపల ఫేజు తీగ ఊడి డబ్బాకు తగిలితే ఫ్యూజు పోదు. డబ్బా మొత్తం ఫేజు అవుతుంది. తడి కాళ్లతో మట్టి నేల మీద నిలబడి ముట్టుకున్న వాళ్ల గతి చెప్పనక్కర్లేదు.

మూడు పిన్నుల ప్లగ్గులో పైనున్న లావు పిన్ను అందుకే ఉంది. రెండు రంధ్రాల సాకెట్టులో పట్టడం లేదని దాన్ని విరగ్గొట్టే అలవాటు మానాలి. సాకెట్టులో మూడో రంధ్రం ఉన్నంత మాత్రాన కూడా సరిపోదు. దాని వెనక తీగ ఉండాలి, ఆ తీగ ఇంటి ఎర్తు గుంతకు చేరాలి. పాత ఇళ్లలో బొగ్గు, ఉప్పు పోసి పైపు పాతిన గుంతలు ఎండిపోయి ఉంటున్నాయి. వేసవిలో రెండు బిందెలు నీళ్లు పోయడానికి ఖర్చేమీ లేదు. దీనితో పాటు మెయిన్ దగ్గర ఆర్.సి.సి.బి. పెట్టిస్తే మనిషి ద్వారా కరెంటు భూమిలోకి పోతున్న క్షణంలోనే అది కట్టేస్తుంది. పిడుగులు పడే వేళల్లో మాత్రం ఏ పరికరాన్నీ నమ్మకుండా ప్లగ్గు ఊడదీయడమే క్షేమం. స్విచ్చి ఆపితే చాలదు.

రెంటచింతల ఎండకు...

ఈ జిల్లాలో రెంటచింతల ఎండ రాష్ట్రమంతటా పేరు పడింది. 45 డిగ్రీలు దాటిన రోజులు కొత్తేమీ కాదు. కరెంటు పెట్టెల శక్తిని కొన్ని కంపెనీలు 25 డిగ్రీల చల్లటి గదిలో లెక్కగట్టి రాస్తాయి, మరికొన్ని 40 వద్ద, ఇంకొన్ని 50 వద్ద. రేకుల ఇంట్లో వాడేవారికి మొదటి రకం పనికిరాదు. అట్టపెట్టె మీద ఎన్ని డిగ్రీల వద్ద అన్నది రాసి ఉంటుంది. లోపలి కెపాసిటర్లు 105 డిగ్రీల రకమా, 85 డిగ్రీల రకమా అన్నది కూడా ముఖ్యమే. వేడి పది డిగ్రీలు పెరిగితే వాటి ఆయుష్షు దాదాపు సగమవుతుందని ఎలక్ట్రానిక్స్ చదివినవాళ్లు వాడే లెక్క.

కల్లాల దుమ్ము, పత్తి నూగు ఫ్యాను రెక్కలకు పట్టి గాలి ఆడనివ్వవు. కంప్యూటర్ డబ్బాను నేల మీద పెట్టవద్దు. పెట్టె డబ్బా అడుగున ఉండే రకమైతే దాని ఫ్యాను కింది నుంచి గాలి పీలుస్తుంది. దుప్పటి మీద పెడితే ఊపిరాడదు. పల్లెల్లో మరో శత్రువు బల్లి. వెచ్చగా ఉంటుందని లోపలికి దూరి, రెండు తీగల మధ్య పడి తానూ చచ్చి పెట్టెనూ చంపుతుంది. చీమలదీ అదే దారి. క్యాబినెట్ వెనక ఖాళీ గళ్లకు మూత రేకులు తీయకుండా ఉంచాలి.

దుమ్ము దులపడానికి బయట నుంచి బ్రష్షు వాడవచ్చు. పెట్టె మరలు మాత్రం విప్పరాదు. ప్లగ్గు తీసిన తర్వాత కూడా లోపలి పెద్ద కెపాసిటర్‌లో ప్రాణం తీయగలిగినంత కరెంటు కొంతసేపు నిలిచి ఉంటుంది. టీవీ రిపేరు తెలిసిన వారే దాన్ని జాగ్రత్తగా ఖాళీ చేసి ముట్టుకుంటారు.

కన్వర్టర్ వైరుతో కక్కుర్తి వద్దు

గ్రాఫిక్స్ కార్డుకు గుచ్చే ఆరు పిన్నుల వైరు 75 వాట్లు, ఎనిమిది పిన్నులది 150 వాట్లు మోయడానికి ఉద్దేశించినవి. డిస్కులకు వచ్చే సన్నటి సాటా మూతి 12 వోల్టుల మీద మోయగలిగింది 54 వాట్లే. ఆ మూతి నుంచి కార్డుకు కన్వర్టర్ వేస్తే 54 మోసే దాని మీద 75 గాని, 150 గాని వేసినట్లు. మాచర్ల వైపు కుర్రవాడి వైరు కరిగింది అందుకే. పెట్టె నుంచి నేరుగా ఆ వైరు రాకపోతే ఆ కార్డుకు ఆ పెట్టె తగదనే అర్థం.

కొన్ని పెట్టెలకు వైర్లు ఊడదీసి పెట్టుకునే వీలుంటుంది. చూడటానికి ఒకేలా ఉన్నా ఒక కంపెనీ వైరు మరో కంపెనీ పెట్టెకు వాడరాదు. పెట్టె వైపు పిన్నుల వరుస ఒక్కో కంపెనీకి ఒక్కో విధం. 5 వోల్టులు పోవలసిన తీగలో 12 పోతే డిస్కు, దానిలోని ఫొటోలు, పుస్తకాలు అన్నీ క్షణంలో పోతాయి. పాత పెట్టె తీసి కొత్తది పెట్టినప్పుడు పాత వైర్లు కూడా తీసేయాలి. ఖరీదైన కార్డులకు వచ్చే పదహారు పిన్నుల కొత్త మూతి 2022లో కొన్నిచోట్ల కరిగిపోయింది. ఆ తర్వాత 2023లో దాన్ని సవరించారు. ఆ రకం ఉన్నవారు మూతి చివరి వరకూ గట్టిగా దిగిందో లేదో చూసుకోవాలి.

ఎక్కడ కొనాలి? బిల్లు సంగతేమిటి?

సికింద్రాబాద్‌లోని సి.టి.సి. బజారులో గాని, చెన్నై రిచీ వీధిలో గాని రకాలు ఎక్కువ దొరుకుతాయి. ఇటీవల ఎక్కువమంది పార్శిల్‌లో తెప్పించుకుంటున్నారు. ఎక్కడ కొన్నా 550 వాట్ల మంచి బ్రాంజ్ పెట్టెకు సుమారు నాలుగు వేల రూపాయలు, అటూ ఇటూ అవుతుంది. కార్డులో ఒక మెట్టు తగ్గించుకుని అయినా ఆ డబ్బు ఇక్కడ పెట్టడం తెలివి. మంచి పెట్టెకు అయిదు, ఏడు, పది ఏళ్ల గ్యారంటీ కూడా ఉంటుంది. అది రెండు కార్డుల కాలం బతుకుతుంది. ఏడాది గ్యారంటీ అంటే తయారు చేసిన వాడికే దాని మీద నమ్మకం లేదన్నమాట. పాత పెట్టె ఎవరో అమ్ముతుంటే, ఎన్నేళ్లు వాడారో బిల్లుతో సహా చూపిస్తే తప్ప తీసుకోరాదు.

బిల్లు లేకుండా పది శాతం తగ్గిస్తామంటే ఆశపడే వారు ఎక్కువ. మాచర్ల వైపు రైతు కూడా ఆ ఆశకే లోనయ్యాడు. కొడుకును వెంటబెట్టుకుని దుకాణానికి వెళితే అది తమ సరుకు కాదు పొమ్మన్నారు. చూపడానికి కాగితం లేదు. జి.ఎస్.టి. బిల్లు మీద పెట్టె మోడల్ పేరు, సీరియల్ నంబరు రాయించుకోవాలి. అట్టపెట్టెను గ్యారంటీ తీరేవరకు అటక మీద ఉంచాలి. పార్శిల్ విప్పేటప్పుడు పిల్లల చేత ఫోనులో వీడియో తీయించడం ఇప్పుడు అందరూ చేస్తున్న పనే.

సరుకు లోపమై దుకాణదారు వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయవచ్చు. అప్పటికీ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 చట్టం ప్రకారం వచ్చిన నిబంధనల్లో, సరుకుకు చెల్లించిన ధర అయిదు లక్షల రూపాయల వరకు ఉంటే ఫిర్యాదుకు రుసుము లేదు. వకీలును పెట్టుకోవాలన్న నియమం కూడా లేదు. ఫిర్యాదు రెండేళ్లలోపు ఇవ్వాలి. కాలిపోయిన పెట్టెను, కార్డును పారేయకుండా అలాగే ఉంచి, లేబుల్ ఫొటోతో సహా బిల్లు జతచేయాలి.